చూపు ఒకరిది, గూడు ఒకరిది

ఉత్తర చెన్నైలోని తొండియార్‌పేటకు తూర్పున సముద్రమే సరిహద్దు. ఆ పేటను ఆనుకొని ఉన్న కాసిమేడు చేపల రేవులో తెల్లవారక ముందే దీపాల వెలుగులో వేలంపాటలు మొదలవుతాయి. వంజరం, చందువ, సొర, పీత, రొయ్య - దేని గంప దానిదే, దేని ధర దానిదే. ఈ గంపలకు ఎడంగా మరొక రాశి పడి ఉంటుంది. వల ఈడ్చిన దారిలో తగిలిన ప్రతి ప్రాణీ అందులో ఉంటుంది. వేలెడంత చేపలు, చిట్టి పీతలు, నత్తలు, గవ్వలు, పేరు తెలియని పురుగులు. మనుషుల వంటకు పనికిరాని ఆ రాశి ఎండి, పొడియై, కోళ్ళ దాణాలోనో చేపల మేతలోనో కలుస్తుంది. వేలంపాటలో దానికి పేరు లేదు.

సముద్రపు అడుగున అటువంటి పేరులేని ప్రాణులలో రెండింటి కథ ఇది. ఒకటి చిటికె వేసే రొయ్య. రెండవది గోబీ అనే చిన్న చేప. గోబీ అనగానే కూరగాయల అంగడి గుర్తుకు వస్తే అది పేరులోని పోలిక మాత్రమే. చేపల వంశాలలో మిక్కిలి పెద్దవాటిలో గోబీల వంశం ఒకటి. తెలుగు పల్లెల చెరువులలో, కాలువలలో దొరికే ఇసుక దొందు ఈ వంశానిదే. తమిళులు దానిని ఉళువై అంటారు. ఎన్నూరు, పులికాట్ బురద నేలల మీద గెంతుతూ కనిపించే చేప కూడా వీటి దగ్గరి చుట్టమే. సముద్రంలో నివసించే గోబీలలో నూటికి పైగా జాతులు ఒక వింత కాపురం చేస్తాయి. అవి చిటికె రొయ్యతో కలిసి ఒకే బొరియలో ఉంటాయి.

మన శాస్త్రకారులు అంధపంగు న్యాయమని ఒక ఉపమానం చెబుతారు. కళ్ళు లేనివాడి భుజాల మీద కాళ్ళు లేనివాడు ఎక్కి దారి చూపగా, ఇద్దరూ అడవి దాటారట. సాంఖ్యులు ప్రకృతి పురుషుల సంబంధాన్ని వివరించడానికి వాడిన ఆ ఉపమానానికి సముద్రపు అడుగున సజీవమైన ఉదాహరణ ఉన్నది. రొయ్యకు తవ్వే నేర్పు ఉన్నది, దూరం చూసే చూపు లేదు. చేపకు చక్కని చూపు ఉన్నది, తవ్వుకొని దాగే నేర్పు లేదు. ఒకరి లోటును ఒకరు పూడ్చుకొని రెండూ బ్రతుకుతున్నాయి.

పేరు వెనుక ఒక పగడపు సముద్రం

ఈ జంటల అసలు నెలవు పగడపు దిబ్బల నడుమ ఉండే ఇసుక పట్టులు. తొండియార్‌పేట ఎదుట పగడపు దిబ్బలు లేవు. కాని ఆ పేట పేరుకు పగడపు సముద్రంతో సంబంధం ఉన్నది. రామనాథపురం జిల్లాలో పాక్ అఖాతపు ఒడ్డున తొండి అనే ప్రాచీనమైన రేవు ఉన్నది. దాని సమీపంలోని కుణంగుడిలో జన్మించిన మస్తాన్ సాహిబ్ అనే సూఫీ కవి మద్రాసు ఉత్తర భాగానికి వచ్చి స్థిరపడి, 1838లో కన్నుమూశాడు. తొండి నుండి వచ్చిన పెద్దమనిషి కనుక ఆయనను ‘తొండియార్’ అన్నారనీ, ఆయన నివసించిన చోటు తొండియార్‌పేట అయిందనీ ప్రతీతి.

తొండి నుండి తీరం వెంట దక్షిణంగా సాగి రామేశ్వరం దాటితే మన్నార్ సింధుశాఖ వస్తుంది. రామేశ్వరానికీ తూత్తుకుడికీ మధ్య ఇరవై ఒక్క చిన్న దీవుల వరుస, వాటి చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. 1986లో ఈ ప్రాంతాన్ని సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. తరువాతి కాలంలో రెండు దీవులు నీటి అడుగుకు చేరాయి. సున్నం కోసం పగడాలను దశాబ్దాల తరబడి తవ్వి తీయడం ఇందుకు ముఖ్య కారణాలలో ఒకటని శాస్త్రజ్ఞులు చెబుతారు. పగడాలకు అటు లక్షద్వీపాలు, ఇటు అండమాన్ దీవులు మన దేశంలో మరి రెండు పెద్ద నెలవులు. ఆ దీవుల వద్ద నీట మునిగి చూసేవారికి గోబీ, రొయ్యల జంట తరచుగా కంటపడుతుంది.

మద్రాసుకు గోబీలతో వేరొక బంధం కూడా ఉన్నది. మద్రాసు వైద్య విభాగంలో పనిచేసి, భారతదేశపు చేపలపై బృహద్గ్రంథం రచించిన ఫ్రాన్సిస్ డే 1868లో ఒక గోబీకి ఈ నగరం పేరే పెట్టాడు. నేటి శాస్త్రనామంలోనూ ‘మద్రాస్‌పటెన్సిస్’ అనే ఆ మాట నిలిచి ఉన్నది. అది రొయ్యతో కాపురం చేసే గోబీగా ప్రసిద్ధికెక్కినది కాదు. అయినా చెన్నపట్నం పేరు ఒక దొందు చేపకు ఇంటిపేరైన సంగతి ఈ నగరవాసులలో ఎందరికి తెలుసు?

తవ్వడమే బ్రతుకైన రొయ్య

చిటికె రొయ్యలను శాస్త్రజ్ఞులు ఆల్ఫియస్ అనే ప్రజాతిలో చేర్చారు. డెన్మార్కుకు చెందిన ఫాబ్రీషియస్ 1798లో ఆ పేరు పెట్టాడు. ఈ రొయ్య సాధారణంగా మన చిటికెన వేలంత ఉంటుంది. మొదటి జత కాళ్ళు పట్టుకారు వంటివి. వాటిలో ఒకటి మామూలు పరిమాణంలో ఉంటే, రెండవది దేహానికి ఏమాత్రం పొంతన లేనంత పెద్దది. చిన్నపిల్లవాడు తండ్రి చెప్పు ఒక కాలికి తొడుక్కొన్నట్లు కనిపిస్తుంది.

గోబీతో కలిసి ఉండే రకాలు పగలంతా తవ్వుతూనే ఉంటాయి. ఇసుక గట్టి నేల కాదు. ఒక పక్క తీస్తే మరొక పక్క జారుతుంది. అలల కదలికకు బొరియ నోరు పూడుకుపోతుంది. అందుచేత రొయ్య ముందరి కాళ్ళను పారగా చేసుకొని, ఇసుకను దోసిట్లో పట్టినట్లు ఎత్తి, బయటికి మోసుకొచ్చి పారబోసి, మళ్ళీ లోపలికి వెళుతుంది. పగడపు ముక్కలు, గవ్వ పెంకులు దొరికితే వాటిని బొరియ గోడలకు ఊతగా పెడుతుంది. బావికి ఒరలు దించే పనివాడు చేసేదీ ఇదే. ఇటువంటి బొరియలలో గట్టిపడే జిగురును పోసి, అచ్చు తీసి పరిశీలించారు. కొన్ని బొరియలు మీటరు పొడవు దాకా, కొమ్మలుగా, గదులుగా సాగినట్లు తెలిసింది. చాలా వాటిలో రొయ్యలు ఆలుమగలుగా జంటగా ఉంటాయి.

ఇంత కట్టడం కట్టే ప్రాణికి చూపు మందం. దూరాన మెదలే శత్రువును గుర్తించడం దానికి సాధ్యం కాదు. బొరియ లోపల దానికి భయం లేదు. కాని తవ్విన ఇసుకను పారబోయడానికి బయటికి రాక తప్పదు. బయట వేటచేపలు కాచుకొని ఉంటాయి. ఇల్లు నిలవాలంటే వాకిట్లోకి రావాలి, వాకిట్లోకి వస్తే ప్రాణం నిలవదు. ఈ చిక్కును విప్పేదే గోబీ.

తోక పలికే భాష

బొరియ నోటి దగ్గర గోబీ ఇసుకకు పొట్ట ఆనించి కూర్చుంటుంది. నెత్తి మీద ఎత్తుగా అమరిన పెద్ద కళ్ళతో నాలుగు దిక్కులూ చూస్తుంది. ద్వారం దగ్గర కూర్చున్న కావలివాడి భంగిమ అది. రొయ్య బయటికి వచ్చేటప్పుడు తన పొడవాటి మీసాన్ని, పాఠ్యపుస్తకాలు స్పర్శశృంగం అని చెప్పే దానిని, చేప ఒంటికి తాకించి ఉంచుతుంది. ఇసుక మోస్తున్నా, పారబోస్తున్నా ఆ స్పర్శను వదలదు. గుడ్డివాడు తోడుమనిషి భుజం మీద చేయి వేసి నడవడం వంటిదే ఇది.

అనుమానించదగినది ఏదైనా కనిపిస్తే చేప తోకను సన్నగా, వేగంగా విదిలిస్తుంది. ఆ కదలిక మీసం గుండా రొయ్యకు అందుతుంది. రొయ్య ఎత్తిన ఇసుకను అక్కడే వదలి లోపలికి జారుకొంటుంది, లేదా బయటికి రాబోతున్నదల్లా ఆగిపోతుంది. అపాయం మరీ దగ్గరపడితే చేప తోకతో చెప్పడం మాని, తల ముందుగా బొరియలోకి దూకుతుంది. అంతకుమించిన హెచ్చరిక అక్కరలేదు.

ఈ సహజీవనాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు లూథర్ 1958లో ఎర్రసముద్రపు జంటలను చూసి వర్ణించాడు. తరువాత 1970ల నుండి ఇజ్రాయెల్‌కు చెందిన ఇలాన్ కార్‌ప్లస్ అదే సముద్రంలో ఈ తోక భాషను సూక్ష్మంగా పరిశీలించాడు. చేప ప్రతి కదలికకూ బెదరదని ఆయన గమనించాడు. హాని చేయని చేపలు పక్క నుండి పోతే ఊరక ఉంటుంది. వేటచేప వస్తేనే సంకేతం ఇస్తుంది. కావలివాడికి మెలకువ ఒక్కటే చాలదు, వివేకం కూడా కావాలి. అస్తమానం కేకలు వేసే కావలివాడి మాటను ఎవరు వింటారు?

జంట కుదరడంలోనూ రెండింటి పద్ధతులు వేరు. చేప కళ్ళతో చూసి రొయ్యను గుర్తిస్తుంది. రొయ్య మాత్రం నీటిలో కరిగి వచ్చే వాసనను బట్టి చేప జాడ తెలుసుకొంటుంది. చీకటి పడుతుండగా రెండూ లోపలికి చేరుతాయి. బొరియ నోరు మూసుకుపోతుంది. తెల్లవారిన తరువాత మొదట బయటికి తల పెట్టేది చేపే. అది కుదురుగా కూర్చొని దిక్కులు చూసిన తరువాతనే రొయ్య మొదటి విడత ఇసుకతో వస్తుంది.

ఎవరు ఎవరికి ఋణం?

చీమలు కట్టిన పుట్టలో పాము చేరిన చందాన, ఎవరో కట్టిన ఇంట్లో చేప చేరి సుఖపడుతున్నదని మొదట అనిపిస్తుంది. లెక్క చూస్తే అది సరి కాదని తేలుతుంది. చేపను తొలగించి చూసిన పరిశీలనలలో రొయ్య బయటికి రావడం దాదాపుగా మానివేసింది. ఇసుక బయటికి చేరక బొరియ కుంచించుకుపోయింది. చేప లేని రొయ్యకు ఇల్లు నిలవదు. రొయ్య లేని చేపకు అసలు ఇల్లే లేదు. పరచుకొన్న ఇసుక మీద దాగడానికి రాయి లేదు, గుట్ట లేదు. గోబీ గుడ్లు పెట్టేది కూడా ఆ బొరియ లోపలనే.

తిండి విషయంలోనూ ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నది. రొయ్య ఇసుకను తిరగవేసినప్పుడు బయటపడే సన్నని జీవులు చేపకు ఆహారం అవుతాయి. చేప రొయ్యకు ఏమిచ్చి పోషిస్తున్నదన్న ప్రశ్నకు జపాన్ పరిశోధకులు 2017లో ఒక జవాబు ప్రకటించారు. చేప బొరియ లోపలనే మలవిసర్జన చేస్తుంది, రొయ్య దానిని తింటుంది. వినడానికి ఏవగింపుగా ఉన్నా, పేడతో పొలం పండించే రైతుకు ఇందులో వింత ఏమీ ఉండదు. ఒకరి వ్యర్థం మరొకరికి సారం. బయట తిరిగి మేత వెతకలేని రొయ్యకు ఇంటికే భోజనం అందుతున్నది.

అయితే అన్ని జంటల బంధమూ ఒకే బిగువుగా ఉండదు. కొన్ని గోబీలు రొయ్య లేకుండా బ్రతకనే లేవు. మరికొన్ని, దొరికితే కలిసి ఉంటాయి, దొరకకపోతే వేరే కన్నం వెతుక్కొంటాయి. అట్లాంటిక్ మహాసముద్రంలో ఈ కాపురం చాలా అరుదు. దీని వైభవమంతా హిందూ, పసిఫిక్ మహాసముద్రాలలోనే. అంటే ఇది మన వెచ్చని సముద్రాల సొత్తు.

చిటికెలో పుట్టే నిప్పు

ఈ రొయ్యకు ఆ పేరు తెచ్చిన చిటికె సంగతి ఇప్పుడు చూడాలి. దాని పెద్ద పట్టుకారులో ఒక వేలికి మొద్దుబారిన మొన ఉంటుంది. రెండవ వేలిలో ఆ మొన సరిగ్గా ఇమిడే గుంట ఉంటుంది. రొయ్య కదిలే వేలిని వెనక్కి ఎత్తి, కండరాన్ని బిగబట్టి, ఒక్కసారిగా వదలుతుంది. మొన గుంటలో పడగానే అక్కడి నీరు సన్నని ధారగా ఎగజిమ్ముతుంది. వసంతోత్సవంలో రంగునీళ్ళు చిమ్మే చిమ్మనగ్రోవి పనిచేసే తీరు ఇదే. కాకపోతే ఈ ధార వేగం సెకనుకు సుమారు 25 మీటర్లు, అంటే గంటకు 90 కిలోమీటర్లు.

ఆ చప్పుడు రెండు వేళ్ళు కొట్టుకోవడం వలన పుడుతుందని చాలాకాలం అనుకొన్నారు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయానికి చెందిన వెర్‌స్లూయిస్, లోసె, వారి సహచరులు అతివేగంగా ఛాయాచిత్రాలు తీసే కెమెరాతో పరిశీలించి, 2000లో అసలు కారణం వెల్లడించారు. నీరు అంత వేగంగా పరుగెత్తినప్పుడు దానిలో ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి బాగా తగ్గితే నీరు కాగకుండానే ఆవిరి అవుతుంది, అక్కడ ఒక బుడగ పుడుతుంది. మరుక్షణమే చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి ఆ బుడగను నలిపివేస్తుంది. బుడగ కూలినప్పుడు వచ్చేదే ఆ చప్పుడు. ఇదంతా సెకనులో వెయ్యోవంతు లెక్కల్లో ముగుస్తుంది. ఓడల చక్రపు రెక్కల మీద ఇటువంటి బుడగలే కూలి ఉక్కును సైతం తినివేస్తాయని ఇంజనీర్లకు ముందే తెలుసు.

2001లో అదే బృందం మరొక సంగతి బయటపెట్టింది. బుడగ కూలే క్షణంలో ఒక మెరుపు వెలువడుతున్నది. మన కంటికి ఆనని, క్షణకాలం కూడా నిలవని మెరుపు అది. దానిని బట్టి బుడగ లోపలి ఉష్ణోగ్రత కనీసం 5,000 కెల్విన్లు ఉండాలని లెక్క కట్టారు. కరిగిన ఇనుము కూడా అంత వేడిగా ఉండదు. అంత వేడి అంత చిన్న చోట, అంత కొద్ది కాలం ఉండటం వలన చుట్టుపక్కల నీరు వేడెక్కదు.

ఈ చప్పుడు 200 డెసిబెల్లు ఉంటుందనీ, జెట్ విమానాన్ని మించినదనీ తరచుగా రాస్తుంటారు. ఆ పోలిక తప్పు. నీటిలో ధ్వనిని కొలిచే ప్రమాణం వేరు, గాలిలో కొలిచే ప్రమాణం వేరు. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టరాదు. అయినా వేలెడంత ప్రాణికి అది గొప్ప చప్పుడే. దగ్గరలో ఉన్న చిన్న జీవిని మూర్ఛపోయేటట్లు చేయడానికి, పొరుగు రొయ్యను బెదరించడానికి అది చాలు.

మరి తన చిటికె తన మెదడుకు దెబ్బ కాదా? కాదని 2022లో అమెరికా పరిశోధకులు తేల్చారు. రొయ్య తల ముందుభాగాన పారదర్శకమైన పెంకు కళ్ళ మీదుగా శిరస్త్రాణం మాదిరి కప్పి ఉంటుంది. అది తాకిడి తీవ్రతను తగ్గిస్తుంది. పెద్ద పట్టుకారు ఎప్పుడైనా తెగిపోతే మరొక విచిత్రం జరుగుతుంది. పెంకు విడిచి ఎదిగే క్రమంలో ఇన్నాళ్ళూ చిన్నదిగా ఉన్న రెండవ పట్టుకారు పెద్దదై చిటికె వేసేదిగా మారుతుంది. తెగిన చోట చిన్నది మొలుస్తుంది. కుడిచేతివాటం రొయ్య ఎడమచేతివాటం అవుతుందన్నమాట.

వేల రొయ్యలు ఒకేసారి చిటికెలు వేస్తే సముద్రం పోపు గింజలు చిటపటలాడిన మాదిరి మోగుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జలాంతర్గాముల జాడ వినడానికి నీటిలో చెవి పెట్టిన అమెరికన్లను ఈ మోత చికాకుపరచింది. దానికి కారణం చిటికె రొయ్యలేనని పరిశోధకులు నిర్ధారించారు. నేడు అదే మోతను శాస్త్రజ్ఞులు వేరే పనికి వాడుతున్నారు. నీటి అడుగున ధ్వనిగ్రాహకాన్ని ఉంచి, దిబ్బ ఎంత సందడిగా ఉన్నదో విని, అది ఎంత ఆరోగ్యంగా ఉన్నదో అంచనా వేస్తున్నారు. నిశ్శబ్దమైన దిబ్బ ప్రాణం తగ్గిన దిబ్బ.

ఖాళీ ఇసుక అనేది లేదు

ఈ కథ అంతటికీ పునాది ఇసుక. పైనుండి చూసేవారికి అది బోసినేల. నిజానికి అది ఊరు. పొలంలో వానపాము మట్టిని గుల్లచేసి వేళ్ళకు గాలి అందించినట్లు, బొరియ తవ్వే రొయ్య సముద్రపు అడుగు నేలను తిరగవేస్తుంది. బొరియ గుండా నీరు, దానితో ప్రాణవాయువు ఇసుక లోతులకు చేరుతాయి. అక్కడ ఇంకా చిన్న జీవులు బ్రతుకుతాయి, వాటిని తిని చేపలు ఎదుగుతాయి. ఆ చేపలలో కొన్ని వేలంపాటలో పేరున్న చేపలే.

ఇసుక విలువ ఏమిటో తొండియార్‌పేట తీరానికి వేరొక విధంగా అనుభవమైంది. కోరమాండల్ తీరం వెంట అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి నెడతాయి. 1876లో మద్రాసు ఓడరేవు కోసం సముద్రంలోకి రాతిగోడలు కట్టడం మొదలైంది. ఆ గోడ ఇసుక దారికి అడ్డం పడింది. దక్షిణాన ఇసుక చేరి చేరి మెరీనా విశాలమైంది. ఉత్తరాన రాయపురం, తొండియార్‌పేట, తిరువొత్తియూరు వైపు వచ్చే ఇసుక ఆగిపోయి, ఒడ్డును కడలి కోసుకొంటూ వచ్చింది. నేడు ఆ తీరంలో చాలా మేర పిల్లలు ఆడుకొనే ఇసుకకు బదులు అలలను ఆపడానికి వేసిన బండరాళ్ళే కనిపిస్తాయి. రాళ్ళ సందులలో వేరే రకాల చిటికె రొయ్యలు తలదాచుకోగలవు. బొరియ తవ్వి బ్రతికే రకానికి రాయి ఇల్లు కాదు.

నూనె కూడా ఈ తీరాన్ని విడిచిపెట్టలేదు. 2017 జనవరి 28న ఎన్నూరు సమీపంలో రెండు ఓడలు ఢీకొన్నప్పుడు ఒలికిన నూనె ఉత్తర చెన్నై ఒడ్డుకు కొట్టుకువచ్చింది. జనం బకెట్లతో దానిని తోడి పోశారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదలలో మణలి పారిశ్రామిక ప్రాంతం నుండి నూనె కొట్టుకువచ్చి ఎన్నూరు వాగులో పరచుకొన్నది. పైన తేలే నూనెను మనిషి చూస్తాడు, తోడుతాడు. ఇసుకలోకి ఇంకిన నూనెను చూసేవారు లేరు. ప్రాణవాయువు దిగే బొరియ దారే నూనె దిగే దారి కూడా అవుతుంది.

అడుగును ఈడ్చే వలల సంగతి మరొకటి. ట్రాల్ వల రొయ్యల కోసం సముద్రపు నేలను తాకుతూ సాగుతుంది. దాని బరువు కింద బొరియల నోళ్ళు కూలుతాయి, లేచిన మట్టికి నీరు కలకబారుతుంది. కలక నీటిలో కావలి చేప చూపు ఎంత దూరం సాగుతుంది? బొరియ పోతే రొయ్య మళ్ళీ తవ్వవచ్చు. కాని రెండూ ఒకే రాశిలో పడి రేవుకు చేరితే తవ్వేదెవరు, కాచేదెవరు? అలాగని వల వేసే మనిషిని తప్పుపట్టడం సులభం కాదు. పడవకు పోసే డీజిలు ధర, బ్యాంకు అప్పు, ఇంటి ఖర్చు అతడిని కడలిలోకి నెడుతున్నాయి. తీరానికి చేరువలో యంత్రపు పడవలు వేటాడరాదని తమిళనాడులో 1983 నాటి చట్టం ఉన్నది. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో యాంత్రిక వేటకు విరామం కూడా ఉన్నది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం పెట్టారు. ఆ రోజులలో కాసిమేడులో పడవలు వరుసగా నిలిచిపోతాయి, వలలు బాగుచేసుకొంటారు. ఆ రెండు నెలలూ వల కింద ఉన్న నేలకు కూడా విశ్రాంతే. బొరియ నోరు తిరిగి తెరుచుకోవడానికి అది దొరికిన గడువు.

తొండి లేని ఆట

తెలుగు పిల్లల ఆటల్లో తొండి అంటే మోసం. తొండి నుండి పేరు తెచ్చుకొన్న పేటలోని తెలుగు పిల్లలకు ఈ మాట వింటే నవ్వు రావచ్చు. గోబీ, రొయ్యల ఆటలో తొండి సాగకపోవడానికి కారణం వాటి మంచితనం కాదు. చేప కాపలా మానితే రొయ్య బయటికి రాదు. రొయ్య రాకపోతే ఇల్లు పూడిపోతుంది. ఇల్లు పూడితే మొదట ప్రాణం పోయేది చేపకే. ఒకరిని ముంచి మరొకరు తేలే వీలు ఆ బొరియలో లేదు. పట్నానికీ దాని ముందున్న కడలికీ మధ్య ఉన్న సంబంధం కూడా ఇటువంటిదే. కాని బొరియలోని చేపకు తప్పు ఫలితం ఆ పూటే తెలుస్తుంది. పట్నానికి తెలియడానికి ఒక్కొక్కసారి నూరేళ్ళు పడుతుంది. ఓడరేవు గోడ కట్టిననాడు తొండియార్‌పేట ఒడ్డు సంగతి ఎవరి లెక్కలోనూ లేదు.

కాసిమేడు రేవుకు పిల్లలను తీసుకువెళ్ళే పెద్దలు గంపల దగ్గరే ఆగిపోకుండా, ఎడంగా పడి ఉన్న ఆ చిల్లర రాశి దగ్గర కూడా ఒక నిమిషం నిలబడితే మంచిది. ఒక కాలు అతి పెద్దదిగా, ఒక కాలు చిన్నదిగా ఉన్న రొయ్య అందులో కనిపించవచ్చు. పెద్ద కాలు కుడి వైపున ఉన్నదా, ఎడమ వైపున ఉన్నదా అని పిల్లలు చూడవచ్చు. దాని పక్కనే నెత్తి మీద కళ్ళున్న చిన్న చేప ఉన్నదేమో వెతకవచ్చు. ఆ రాశికి వేలంపాటలో పేరు లేకపోయినా, వాటికి పేర్లున్నాయనీ, నీటి అడుగున వాటికొక ఇల్లు ఉండేదనీ పిల్లలకు తెలుస్తుంది.